గుట్టకింద బస్తీలో కన్నడ క్లాసు

నానక్‌రామ్‌గూడ,
22 జూన్ 1998.

గుట్టకింద బస్తీ ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు శ్రీ చలపతిరావు గారికి, సిమెంటు గోడౌను స్టోర్‌కీపరు ఓబులేసు చేతులు జోడించి రాసుకునే మనవి.

అయ్యా,

పోయిన వారం మీ బడిలో పదో తరగతిలో చేరిన శిరీష నా కూతురు. చేర్చుకున్నారు, మీ మేలు మరిచిపోను. కానీ చేర్పించి ఇంటికి వచ్చినప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. ఎందుకో మనవి చేస్తాను.

మాది అనంతపురం జిల్లా మడకశిర పక్కన ఒక పల్లె. మా ఇంట్లో గట్టిగా దగ్గితే కర్ణాటకలో వినిపిస్తుంది. నా భార్య నాగమణి పుట్టిల్లు సరిహద్దుకు అవతల. నేను పనుల కోసం ఊళ్ళు పట్టుకు తిరిగేవాణ్ణి కనుక పిల్లను వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఉంచి, అక్కడి కాన్వెంటులో చదివించాము. తొమ్మిదో తరగతి దాకా ఎప్పుడూ ఫస్టే. ఈ ఎండాకాలం మా అత్తగారు కాలం చేశారు. నాకేమో ఈ సైబర్ సిటీ వైపు కట్టే బిల్డింగుల దగ్గర పని దొరికింది. పిల్లను వెంట తెచ్చుకోక తప్పలేదు.

మిగతా సబ్జెక్టులు అక్కడా ఇంగ్లీషు మీడియమే, ఇక్కడా ఇంగ్లీషు మీడియమే. భయం లేదు. భయమంతా మొదటి భాష గురించి. అమ్మాయి చదివింది కన్నడం. తెలుగు గలగలా మాట్లాడుతుంది, రాయమంటే మాత్రం పెన్ను కొరుక్కుంటూ కూర్చుంటుంది. మార్చిలో పబ్లిక్ పరీక్ష. తొమ్మిదేళ్ళు ఫస్టు వచ్చిన పిల్ల పదిలో తెలుగు పోయి తప్పితే దానికి నేను ఏమని జవాబు చెప్పాలి?

దయచేసి మీ బడిలో కన్నడ క్లాసు ఒకటి పెట్టించగలరు. ఒక రోజు సెలవు పెట్టి వచ్చి మీతో స్వయంగా మాట్లాడతాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఓబులేసు.

తా.క. ఈ ఉత్తరం శిరీష చేతికే ఇచ్చి పంపుతున్నాను. దానికి లోపల ఏముందో తెలియదు. తెలిస్తే దారిలోనే చించేస్తుంది.


గుట్టకింద బస్తీ,
25 జూన్ 1998.

శ్రీ ఓబులేసు గారికి, చలపతిరావు నమస్కారాలు.

మీ ఉత్తరం అందిందండి. చదివినప్పటినుంచి నాకూ అన్నం సయించడం లేదు.

మీరు సెలవు పెట్టి వచ్చి మాట్లాడతానన్నారు. దయచేసి రావద్దు. నోటిమాటతో వ్యవహారం నాకు భయం. కాగితం మీద ఉంటే రేపు ఎవరు అడిగినా చూపించుకోవచ్చు. నేను వచ్చే జూన్ ఆఖరుకు రిటైరవుతున్నాను. తెనాలి దగ్గర పల్లెటూరి బడిలో చేరిన దగ్గరనుంచి ఈ రోజు దాకా నాకు ఒక్క మెమో లేదండి. ఆ ఒక్కటీ ఈ చివరి ఏడాదిలో వస్తుందేమోనని నా బెంగ.

ఇక మీ విషయం. ఒక భాషకు క్లాసు పెట్టాలంటే టీచరు ఉండాలి. టీచరును ఇవ్వాలంటే పిల్లలు ఉండాలి. పిల్లలు చేరాలంటే క్లాసు ఉండాలి. ఈ మూడింటిలో ఏది ముందో నా సర్వీసు మొత్తంలో తేలలేదు. అయినా కనీసం పదిమంది తల్లిదండ్రులు సంతకాలు పెట్టి అడిగితే పైకి రాస్తాను. పైవాళ్ళు కాదంటే మీరు నన్ను తిట్టుకోరు, అవునంటే పైవాళ్ళు నన్ను తిట్టరు.

ఒక్క మాట. కన్నడం అక్షరాలూ తెలుగు అక్షరాలూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి కదా. అమ్మాయికి మరీ అంత కష్టమంటారా?

ఉంటాను,
చలపతిరావు.

తా.క. మా తెలుగు టీచరు అనసూయమ్మ గారికి ఈ సంగతి చెప్పలేదు. మీరూ చెప్పకండి. ఆవిడ చేతిలో ఎప్పుడూ బెత్తం ఉంటుంది. అది పిల్లల కోసమేనని నాకింకా పూర్తిగా నమ్మకం కుదరలేదు.


నానక్‌రామ్‌గూడ,
6 జూలై 1998.

పూజ్యులైన హెడ్మాస్టరు గారికి, ఓబులేసు దండాలు.

అయ్యా, అక్షరాలు అక్కచెల్లెళ్ళు కావడమే మా కొంప ముంచుతోంది. వేరేగా ఉంటే పిల్ల ఒళ్ళు దగ్గర పెట్టుకుని నేర్చుకునేది. ఒకేలా ఉన్నాయని ధైర్యంగా రాసేస్తుంది. తలకట్టు పెట్టమంటే కన్నడం తలకట్టు పెడుతుంది. పేపరు దిద్దే ఆయన ఎవరో, ఏ ఊరివాడో, ఆ రోజు ఇంట్లో ఎవరితో గొడవపడి వస్తాడో!

సంతకాల కోసం తిరిగాను. మా సైటులో రాయచూరు నుంచి వచ్చిన కూలీలు ఉన్నారు గానీ వాళ్ళ పిల్లలు ఇసుక కుప్పల మీద ఆడుకునే వయసువాళ్ళు. దిక్కుతోచక మీ బడి దగ్గరి ఎల్లయ్య చాయి హోటల్లో కూర్చున్నాను. ఎల్లయ్యకు మీ బడిలో తొమ్మిదో తరగతి చదివే కొడుకు ఉన్నాడు.

"ఏంది సార్, గంత పరేషాన్‌ల ఉన్నవ్?" అని అడిగాడు. సంగతి చెప్పాను.

"కన్నడమా? గది యాడి బాస?"

"బెంగుళూరులో మాట్లాడతారు" అన్నాను. అంతే సార్. ఉన్నమాట అదొక్కటే అన్నాను.

ఎల్లయ్య చాయి గంటె పక్కన పెట్టాడు. "బెంగుళూరంటే కంపూటర్ల ఊరు గాదె! గీడ లేస్తున్న బిల్డింగులల్లకు వచ్చేటోళ్ళంత ఆడికెల్లే గద! గిదన్నట్టు సంగతి. జర ఆ కాగితం ఇటియ్యి" అని తానే మొదటి సంతకం పెట్టాడు. పక్క బల్ల మీద ఇద్దరు ఆటో డ్రైవర్లు పెట్టారు. వాళ్ళు లేచి వెళ్ళి నలుగురిని తీసుకువచ్చారు. నేను చాయి తాగడం పూర్తయ్యేసరికి పదిమంది అయ్యారు. అందరూ తొమ్మిదో తరగతి పిల్లల తండ్రులే. పది వాళ్ళు ఈ ఏడు పబ్లిక్ పరీక్ష ఉందని జంకారు. పదో తరగతిలో మా అమ్మాయి ఒక్కతే.

సంతకాల కాగితం దీనితో జతచేశాను. పిల్ల భవిష్యత్తు మీ చేతుల్లో పెడుతున్నాను.

ఇట్లు,
ఓబులేసు.

తా.క. ఎల్లయ్య నా దగ్గర చాయి డబ్బులు తీసుకోలేదు. ఎందుకో నాకు ఇంకా అర్థం కాలేదు.


గుట్టకింద బస్తీ,
15 జూలై 1998.

మహారాజశ్రీ ఓబులేసు గారి దివ్యసముఖానికి, చలపతిరావు అనేక నమస్కారాలు.

అయ్యా, మిమ్మల్ని నేను మామూలు మనిషి అనుకున్నాను. క్షమించాలి.

మీరు పంపిన పది సంతకాలూ పైకి పంపి ఊపిరి పీల్చుకున్నాను. మర్నాడు పొద్దున బడి గేటు దగ్గర జనం. తొమ్మిదో తరగతి తండ్రులు మొత్తం వచ్చేశారు. ఆ తర్వాత అసలు మా బడిలో పిల్లలే లేనివాళ్ళు బోరబండ నుంచి షేర్ ఆటోల్లో దిగారు. అందరిదీ ఒకటే మాట: "సారూ, మా పోరన్ని బెంగుళూరు బాసల ఏయుండ్రి." నేను అది ఉద్యోగాల క్లాసు కాదని కుర్చీ ఎక్కి చెప్పాను. ఎల్లయ్య నవ్వి, "సారు గట్లనే అంటరు. ఓబులేసు సారును బెంగుళూరు కంపెనీవోళ్ళే ముందుగాల పంపిండ్రు. ఎవ్వలకు చెప్పొద్దన్నరు" అన్నాడు.

నేను వెంటనే గదిలోకి వెళ్ళి మీ ఉత్తరాలు మళ్ళీ తీసి చూశాను. రెండింటి పైభాగాన బిల్డరు కంపెనీ పేరు, కింద 'ప్రధాన కార్యాలయం, బెంగుళూరు' అని అచ్చయి ఉంది. ఇంత పెద్ద అక్షరాలు నా కంటికి ఇన్నాళ్ళు ఎందుకు ఆనలేదో! స్టోర్‌కీపరునని మీరు రాసుకోవడం మీ వినయం.

అనసూయమ్మ గారికి తెలిసిపోయింది. స్టాఫ్ రూములో అందరి ముందూ, "బయట బిల్డింగుల కోసం బండలు పేలుస్తుంటే పద్యం వినపడక సగం చచ్చిపోతున్నాను, ఇప్పుడు నా క్లాసునే పేల్చేస్తారా మాస్టారూ?" అని అడిగారు. నేను సుద్దముక్కలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

పైనుంచి ఇంకా ఏమీ తేలలేదు. మీవంటి పెద్దలు ఒక మాట వేస్తే తొందరగా తేలుతుందేమో చూడండి.

సదా మీ శ్రేయోభిలాషి,
చలపతిరావు.

తా.క. మా బడికి కంప్యూటర్లు లేవండి. మీ బెంగుళూరు వారు ఒకటి రెండు ఇప్పించగలిగితే సంతోషం. కుదరని పక్షంలో మరుగుదొడ్డికి తలుపు అయినా ఫరవాలేదు.


నానక్‌రామ్‌గూడ,
18 జూలై 1998.

అయ్యా, హెడ్మాస్టరు గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను.

ఈ ఉత్తరం కిరాణా కొట్లో కొన్న తెల్లకాగితం మీద రాస్తున్నానని గమనించగలరు. నేను ఏ కంపెనీ మనిషినీ కాదు. గోడౌనులో తడిసి పనికిరాకుండా పోయిన లెటర్‌హెడ్లు పడి ఉంటే వాటి మీద రాశాను. ఇది మా బిల్డరు గారికి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. మా దగ్గర కంప్యూటర్లు లేవు. కాంక్రీటు మిక్సరు ఒకటి ఉంది, అదీ కిరాయిది.

మీరు 'మహారాజశ్రీ' అని రాసిన ఉత్తరం ఇంట్లో చదివి వినిపించాను. నాగమణి చేటలో బియ్యం అలాగే వదిలేసి, "ఏమయ్యా, సారు నీకు దండాలు పెడతాండాడంటే మనకేదో మూడిండాది. పిల్లను బడిలోంచి తీసేస్తాడేమో కనుక్కో పో" అని ఏడుపు మొదలుపెట్టింది. దయచేసి మునుపటిలాగా ఉత్త 'ఓబులేసు గారికి' అని రాయండి. అప్పుడు అన్నం తింటాము.

ఎల్లయ్య హోటలుకు వెళితే ఇప్పుడు నాకు బల్ల కాదు, కుర్చీ వేస్తున్నాడు. ఇక్కడ కంప్యూటర్ కంపెనీల కోసం లేస్తున్న కొత్త గుండ్రటి బిల్డింగులో తన కొడుకును ఎన్నో అంతస్తులో వేస్తారని అడిగాడు. నాకు ఏమీ తెలియదని ఒట్టేసి చెప్పాను. "సారు పక్కా మనిషి. నోరు ఇప్పడు" అని అందరికీ చూపించాడు. నిజం చెప్పినకొద్దీ నా మీద గౌరవం పెరుగుతోంది సార్. ఏం చెయ్యమంటారు?

నాకు కావలసింది ఒక్కటే. మొన్న యూనిట్ టెస్టులో శిరీషకు తెలుగులో పాతికకు నాలుగు వచ్చాయి. ఆ కాగితం మడిచి జడలో పెట్టుకుని ఇంటికి వచ్చింది. వాళ్ళమ్మ జడ విప్పుతుంటే బయటపడింది. ఆ క్లాసు రాకపోతే నా బిడ్డ పది గట్టెక్కదు.

ఇట్లు,
స్టోర్‌కీపరు (నిజంగానే) ఓబులేసు.

తా.క. నాగమణి ఇంకో మాట అంది. "ఇంట్లోనే కన్నడం బి.ఏ. ఉండాది, సిమెంటు మూటలు లెక్కబెడతాండాది" అని. నేను తుమకూరులో కన్నడం బి.ఏ. చదివిన మాట నిజమే. ఎక్కడా చెప్పుకోను, ఎవరూ అడగరు.


గుట్టకింద బస్తీ,
20 ఆగస్టు 1998.

శ్రీ ఓబులేసు గారికి (ఉత్త ఓబులేసు గారికే), చలపతిరావు నమస్కారాలు.

క్లాసుకు అనుమతి వచ్చిందండి! నేను నాలుగుసార్లు ఆఫీసు మెట్లెక్కాను. ప్రయోగంగా ఒక్క ఏడు నడుపుకోమన్నారు. తొమ్మిదో తరగతికీ, కోరుకుంటే పదో తరగతికీ. కన్నడం తీసుకున్నవాళ్ళు తెలుగు మానుకోవాలి. టీచరును మాత్రం ఇవ్వలేమన్నారు, స్థానికంగా తగిన మనిషిని చూసుకోమన్నారు. ఈ గుట్టల మధ్య కన్నడం బి.ఏ. చదివిన మనిషి ఎవరున్నారో మీకు వేరే చెప్పనక్కర్లేదు. రోజూ మొదటి గంట, వరండాలో. గంట సేపు గోడౌను వదిలి రావడానికి మీ బిల్డరు గారు ఒప్పుకుంటారనుకుంటాను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దీన్ని ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చించాను. తండ్రి పాఠం చెప్పే తరగతిలో సొంత సంతానం కూర్చోకూడదని రూలు ఉందండి. పరీక్షల్లో చూస్తారు కదా, ఇంట్లో పదో తరగతి పిల్లలున్న టీచర్లకు హాలులో కాపలా డ్యూటీ వెయ్యరు. అలాంటిదే ఇది. కనుక మీరు చెప్పేటట్టయితే శిరీష ఆ క్లాసులో ఉండటానికి వీల్లేదు. తెలుగులోనే ఉండాలి.

మీరు చెప్పకపోతే క్లాసే ఉండదు.

నాకు చాలా బాధగా ఉంది. ఇంతకన్నా రాయలేను.

మీ,
చలపతిరావు.

తా.క. రూలు నంబరు ఇప్పుడు చేతికి అందలేదు, ఫైళ్ళ అడుగున ఎక్కడో ఉంది. జవాబు నిదానంగా ఆలోచించి ఇవ్వండి. తొమ్మిదో తరగతి తండ్రులందరూ గేటు దగ్గర ఉన్నారు కనుక నేను వెనక గోడ దూకి ఇంటికి వెళుతున్నాను.


నానక్‌రామ్‌గూడ,
23 ఆగస్టు 1998.

హెడ్మాస్టరు గారికి ఓబులేసు రాసేది.

ఇదేమి న్యాయం సార్? నా బిడ్డ కోసం క్లాసు అడిగాను. ఊరి పిల్లలందరికీ వచ్చింది, నా బిడ్డకు తప్ప. దానికి టీచరుగా నన్నే పెట్టారు. ఈ రూలు రాసినవాడికి ఆడపిల్లలు లేరేమో.

నేను చెప్పనని రాసేద్దామని కాగితం తీశాను. ఈలోగా ఎల్లయ్య, ఆటోవాళ్ళు పాఠం చెప్పమని అడగడానికి ఇంటి ముందుకు వచ్చారు. లోపల నాగమణి, "వాళ్ళ పిల్లోళ్ళకు నువ్వు చదువు చెప్తాంటే మన పాప పక్క రూములో కూచోని ఏడ్చల్లా? ఒద్దు గాక ఒద్దు" అంది. నాకూ అదే సరి అనిపించింది.

శిరీష అప్పటిదాకా మూలన కూర్చుని పుస్తకానికి అట్ట వేసుకుంటోంది. తల ఎత్తకుండా అంది: "నాయినా, నువ్వు చెప్తే నేను ఉండను. నువ్వు చెప్పకుంటే ఆ క్లాసే ఉండదు. ఎట్లైనా నాకు లేదు గదా. వాళ్ళకన్నా ఉండనీలే."

పదిహేనేళ్ళ పిల్ల సార్.

సోమవారం నుంచి వస్తాను. మా బిల్డరు గారు ఒప్పుకున్నారు. మంచి పనేనట, తన పేరు చెప్పమన్నారు.

కోపంలో ఏమైనా తప్పు రాసి ఉంటే మన్నించండి. కోపం మాత్రం ఇంకా పోలేదు.

ఓబులేసు.

తా.క. ఆ రూలు నంబరు దొరికితే తప్పకుండా తెలియజేయండి. తిట్టుకోవడానికి దానికంటూ ఒక పేరు ఉండాలి.


గుట్టకింద బస్తీ,
5 డిసెంబరు 1998.

ఓబులేసు మాస్టారికి, చలపతిరావు నమస్కారాలు.

ఇద్దరమూ ఒకే బడిలో ఉండి ఉత్తరాలు రాసుకోవడమేమిటని నిన్న వరండాలో అడిగారు. మీకు ఎదురుపడితే నాకు మాట పెగలదండి. కాగితమే నయం.

క్వార్టర్లీలో మీ క్లాసు కన్నడం మార్కులు చూసిన రోజే నాకు అర్థమైంది, ఇది ఎక్కువ కాలం నిలవదని. ఎల్లయ్య కొడుకు తన పేరు ఒక్కటే రాశాడు. ఎల్లయ్యను పిలిచి చూపిస్తే, "పేరు మంచిగనే రాసిండు గద సార్. గది సాలదా నౌకరికి?" అన్నాడు. పోయిన నెల కొత్త బిల్డింగువాళ్ళు గార్డుల కోసం వచ్చి, ఇంగ్లీషు, హిందీ వస్తే చాలన్నారట. బెంగుళూరు ఊసే ఎత్తలేదట. ఆ సాయంత్రం నుంచి తండ్రులు మళ్ళీ గేటు దగ్గర. "సారూ, మా పోరన్ని మళ్ళ తెలుగుల ఏయుండ్రి." ఎక్కించినవాళ్ళను దించడం ఎక్కించడం కన్నా కష్టమండి.

మీరు చక్కగా చెప్పారు. మీ తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు. ఈ వారంతో క్లాసు మూసేయక తప్పదు. మెమో వస్తుందేమోనని రోజూ టపా మనిషిని చూసి దాక్కుంటున్నాను.

ఇక శిరీష సంగతి. మీ తొమ్మిదో తరగతి మొదటి గంటే అనసూయమ్మ గారి తెలుగు గంట. పిల్లలంతా మీ వరండాలోకి వచ్చేయడంతో ఆవిడకు ఆ గంట ఖాళీ. పదో తరగతికి అది ఆటల గంట. ఆవిడ రోజూ శిరీషను ఆ ఖాళీ గదిలో కూర్చోబెట్టుకుంటున్నారు. మొదట తలకట్లతో మొదలుపెట్టారు. నేను కిటికీ పక్కనుంచి వెళుతూ ఒక రోజు ఆగాను. బయట బండలు పేలుతున్నాయి. పిల్ల ప్రతి పేలుడుకూ ఆగి, మళ్ళీ అక్కడినుంచే పద్యం ఎత్తుకుంటోంది. ఆవిడ బెత్తంతో బల్ల మీద గణాలు కొడుతున్నారు. బెత్తం దేనికోసమో ఇన్నేళ్ళకు నాకు తెలిసింది.

మార్కులు మాత్రం ఇంకా పాసు గీత మీదే ఊగుతున్నాయి. అబద్ధం చెప్పలేను.

మీ,
చలపతిరావు.

తా.క. ఎల్లయ్య కొడుకు ఒక్కడు కన్నడంలోనే ఉంటానంటున్నాడు. మీ క్లాసులో మీరు ఎవరినీ కొట్టలేదట.


నానక్‌రామ్‌గూడ,
12 మార్చి 1999.

హెడ్మాస్టరు గారికి, ఓబులేసు నమస్కారాలు.

వచ్చే వారం పరీక్షలు. ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడటం లేదు. నాగమణి కుక్కరు పెట్టడం కూడా మానేసింది, ఈల వేస్తే పిల్ల చదువు చెదురుతుందని.

సార్, మీతో కాక ఇంకెవరితో చెప్పుకోను? నాకు చాలా భయంగా ఉంది. పోయిన వారం శిరీష నిద్రలో ఏదో గొణుగుతుంటే దగ్గరికి వెళ్ళి విన్నాను. తెలుగు పద్యం. ఒకప్పుడు నిద్రలో వాళ్ళ అమ్మమ్మతో కన్నడంలో మాట్లాడేది. అది పోయిందని బాధపడాలో, ఇది వచ్చిందని సంతోషించాలో తెలియక అక్కడే నిలబడ్డాను. ఎక్కడి పిల్ల, ఎక్కడికి తీసుకువచ్చి పడేశాను! ఫస్టు రాకపోయినా ఫరవాలేదు. పరీక్ష తప్పకుండా ఉంటే చాలు. తప్పితే అది నన్ను ఒక్క మాట కూడా అనదు. అదే నాకు ఎక్కువ భయం.

అనసూయమ్మ టీచరు గారికి నా దండాలు చెప్పండి. ఆవిడ క్లాసును ఖాళీ చేయించినవాణ్ణి నేను. ఆవిడ నా బిడ్డను ఒక్క రోజు కూడా ఒక మాట అనలేదట. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

ఇట్లు,
ఓబులేసు.

తా.క. ఈ ఉత్తరం శిరీష చదివేసి రెండు తప్పులు దిద్దింది. ఇంకొకటి ఉందట, మీరే కనుక్కోవాలట.


గుట్టకింద బస్తీ,
9 జూన్ 1999.

ప్రియమైన ఓబులేసు గారికి, చలపతిరావు ఆశీస్సులూ, నమస్కారాలూ, ఇంకా ఏవి ఉంటే అవన్నీ.

ముందు అసలు మాట. శిరీష పాసు. ఫస్టు క్లాసు. తెలుగులో నూటికి ఎనభై ఒకటి. మా బడిలో తెలుగుకు అదే ఎక్కువ మార్కు. అనసూయమ్మ గారు ఆ మార్కు చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు. మీరు ముందు అన్నం తినండి. తిన్నాక మిగతాది చదవండి.

తిన్నారు కదా. ఇప్పుడు చెబుతాను. నిరుడు అనుమతి కోసం ఆఫీసుకు వెళ్ళినప్పుడు అక్కడి సూపరింటెండెంటు నన్ను పక్కకు పిలిచి, "క్లాసు నడుపుకోండి మాస్టారూ, కానీ ఈ ఏడు మీ సెంటరుకు కన్నడం పబ్లిక్ పేపరు రాదు. తెలుగే రాయాలి" అన్నాడు. కాగితం మీద లేదు, నోటిమాట. తొమ్మిదో తరగతి వాళ్ళకు ఈ ఏడు పబ్లిక్ పరీక్ష లేదు కనుక ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మీ అమ్మాయికే. ఏడాదంతా మీ క్లాసులో కన్నడం చదివి, మార్చిలో తెలుగు పేపరు ముందు కూర్చునేది. మీకు చెబితే కోపంతో క్లాసు మానేస్తారు. లేదా ఎల్లయ్య అడిగితే ఉన్నమాట చెప్పేస్తారు. గేటు దగ్గర జనానికి నేను బలి. ఏం చెయ్యాలో తోచక స్టాఫ్ రూములో తల పట్టుకు కూర్చుంటే అనసూయమ్మ గారు, "ఆ పిల్లను నాకు వదిలిపెట్టండి. మిగతావాళ్ళు దీపావళి దాటాక వాళ్ళే వస్తారు" అన్నారు.

అందుకని ఆ రూలు రాశాను. తండ్రి క్లాసులో సంతానం కూర్చోకూడదని ఎక్కడా రూలు లేదండి. నేను వెతకలేదు కూడా. నా సర్వీసంతా ఎవరో పెట్టిన రూళ్ళు చదివాను, పాటించాను, వాటిని చూసి వణికాను. నేను సొంతంగా పెట్టిన రూలు అదొక్కటే. మీరు నంబరు అడిగారు. దానికి నంబరు లేదు.

ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాను. మెమో రాలేదు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి. ఉత్తరంలో వద్దు, ఇంటికి రండి. నాగమణి గారిని కూడా తీసుకురండి. మా ఆవిడ పులిహోర చేస్తానంది.

ఉంటాను,
చలపతిరావు.

తా.క. మార్కుల మెమో కోసం వచ్చినప్పుడు శిరీషకు ఈ మాట ఎలా చెప్పాలా అని నేను నీళ్ళు నములుతుంటే, "తెలుసు సార్, దసరాకే అనసూయమ్మ టీచర్ చెప్పేసినారు" అంది. మరి మీ నాన్నకు ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. చెప్తే క్లాసు ఆపేస్తారంది. తల వంచుకుని ఇంకో మాట అంది: "మా నాయిన ఇస్త్రీ చొక్కా ఏసుకోని బడికి పోతాంటే సూడాలని ఉండె సార్."